మూడు రోజుల బెంగళూరు గోల్ఫ్: మూడు కోర్సులా, ఒకే కోర్సు రెండుసార్లా?

వాల్తేరు వాసి
విశాఖ నుంచి నలుగురం డిసెంబరు మొదటి వారంలో బెంగళూరు వస్తున్నాం. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి దిగుతాం, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు తిరుగు విమానం. మూడు రౌండ్లు (ఒక్కోటి 18 హోల్స్) ఖాయం, వీలైతే నాలుగు. హ్యాండిక్యాప్ ఇండెక్సులు (ఆట ఎంత బాగుంటే అంత తక్కువగా ఉండే అంకె) 11, 17, 18, 25. ఆడేది మా ఊరి కోర్సు ఈస్ట్ పాయింట్‌లో, అంటే దాదాపు సముద్రమట్టం లెక్క.

తగువు ఎక్కడంటే, ఇద్దరు బెంగళూరు గోల్ఫ్ క్లబ్, కేజీఏ (కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు), నంది కొండ కింద గోల్ఫ్‌షైర్ మూడూ ఆడి తీరాలంటున్నారు. మిగతా ఇద్దరు నంది దగ్గరే దిగి అక్కడే రెండుసార్లు ఆడదాం, రోజూ ఊరికి అడ్డంపడి తిరగడం ఎందుకంటున్నారు. ఖర్చు తర్వాతి మాట. దారిలో గంటలు పోకూడదు, ఆడినంతసేపూ బాగా ఆడాలి. ఇక్కడ ఆడేవాళ్లు ఏమంటారు?

మల్లేశ్వరం 18
మూడు కోర్సులే. ఆ మూడింటికీ ఒకదానితో ఒకదానికి పోలిక లేదు కాబట్టి.

బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876 నాటిది. సాంకీ రోడ్డు పక్కన, ఊరి నడిబొడ్డున, ఉన్న కొద్ది స్థలంలో 18 హోల్స్ ఇమిడ్చారు. పొడవు తక్కువ కదా అని ప్రతి టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) మీదా డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు) తీసేవాళ్లే అక్కడ ఎక్కువ నష్టపోతారు. ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ దాకా గడ్డి కత్తిరించిన దారులు) ఇరుకు, పక్కల పాత చెట్లు, గ్రీన్లు (బంతి పడాల్సిన కప్పు ఉండే నున్నటి గడ్డి జాగాలు) చిన్నవి. టీ నుంచి 190, 200 గజాలు తిన్నగా కొట్టి, రెండో షాట్‌కు 8 ఐరనో 9 ఐరనో (తక్కువ దూరపు క్లబ్బులు) మిగుల్చుకునే వాళ్లకు ఆ కోర్సు కలిసొస్తుంది. చల్లఘట్టలోని కేజీఏ దీనికి పూర్తిగా తలకిందులు. పార్ (కోర్సుకు కట్టిన స్ట్రోకుల లెక్క) 72, పొడవు ఎక్కువ, నీళ్లు ఆటలోకి వస్తాయి, ప్రొఫెషనల్ టోర్నమెంట్లు జరిగే చోటు. అదితి అశోక్ చిన్నప్పుడు మొదట బంతి కొట్టింది అక్కడి ప్రాక్టీసు రేంజ్‌లోనే. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న అమ్మాయి ఆట మొదలైన చోటు చూడకుండా వెళ్తారా? ఇక గోల్ఫ్‌షైర్ విల్లాల మధ్య పరుచుకున్న కొత్త తరం కోర్సు, కొండ ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది.

మూడు రోజుల్లో బ్యాగులోని 14 క్లబ్బులకూ పని దొరకాలంటే మూడు చోట్లా ఆడాలి.

దేవనహళ్లి దారి
మల్లేశ్వరం గారూ, మీరు చెప్పిన తేడాలన్నీ ఒప్పుకుంటాను. ఆ తేడా ఆటలో తెలియాలంటే మాత్రం ఒక్క రౌండు సరిపోదు.

కొత్త కోర్సులో స్ట్రోకులు పోయేది స్వింగు చెడి కాదు, గురి తప్పుచోట పెట్టి. గ్రీన్ వెనక ఎంత జాగా ఉందో తెలియదు. కుడి బంకర్ (ఇసుక గుంట) దాటడానికి 170 గజాల క్యారీ (బంతి గాలిలో పోయే దూరం) కావాలా, 190 కావాలా తెలియదు. కనపడని ఫెయిర్‌వే మీదికి కొట్టేటప్పుడు కేడీ (బ్యాగు మోసే సహాయకుడు) ఏదో చెట్టు చూపిస్తాడు, ఆ చెట్టుకు ఎడమ కొసా, కుడి కొసా అన్నది అడగడానికి నోరు రాదు. ఇవన్నీ రెండో రౌండులో తీరిపోతాయి. మొదటి రౌండులో స్కోర్‌కార్డు అంచున ప్రతి హోల్‌కూ మూడు మాటలు రాసుకోండి: టీ మీద ఏ క్లబ్బు సరిపోయింది, గ్రీన్ తప్పితే ఏ పక్క తప్పితే నయం, గ్రీన్ మొత్తం మీద వాలు ఎటు. మర్నాడు ఆ కార్డు జేబులో పెట్టుకుని ఆడితే 17, 18 ఇండెక్సు వాళ్లకు తేడా కళ్లకు కడుతుంది.

రెండోది సమయం. డిసెంబరులో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరున్నరకు అటూ ఇటూ, గూకేది ఆరు లోపే. చేతిలో ఉండేది పదకొండు గంటల చిల్లర. నలుగురి జట్టుకు రౌండు నాలుగున్నర గంటలు, ముందు జట్టు నెమ్మదిదైతే అయిదు. ఒకేచోట అయితే 6:40కి మొదలుపెట్టి పదకొండుంబావుకు దిగి, తిని, పన్నెండింటికి మళ్లీ ఎక్కితే వెలుతురు ఉండగానే 36 హోల్స్ పూర్తవుతాయి. ఊళ్లో ఒక కోర్సు, ఊరిబయట ఒక కోర్సు అనుకున్న రోజు మధ్యలో హెబ్బాళ్ ట్రాఫిక్ దాటేసరికే రెండో రౌండు పోతుంది. నాలుగో రౌండు కావాలంటే ఇదొక్కటే దారి.

హోసూరు రోడ్డు
ఇద్దరూ కోర్సుల పేర్ల దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు రోజులది. శుక్ర, శని, ఆది అంటే గెస్టుగా వచ్చేవాళ్లకు వారంలో అన్నిటికన్నా కష్టమైన మూడు రోజులు.

మెంబర్ల క్లబ్బుల్లో శని, ఆదివారాల ఉదయం టీ టైంలు (ఆట మొదలుపెట్టే వేళలు) మెంబర్లవి. గెస్టును తీసుకోవాలంటే పక్కన మెంబరు ఉండాలంటారు, ఉన్నా మధ్యాహ్నానికి తోస్తారు. శుక్రవారం వచ్చేసరికి కంపెనీల టోర్నమెంట్లు. షాట్‌గన్ స్టార్ట్ అంటే 18 హోల్స్ మీదా జట్లు ఒకేసారి మొదలుపెడతాయి, సగం రోజు కోర్సు మనకు ఉండదు. సోమవారం చాలాచోట్ల గడ్డి పనులకు మూసేస్తారు. మిగిలేది మంగళ, బుధ, గురువారాలు. ఒక్కరోజు ముందుకు జరిగి గురువారం దిగినా చాలు, సగం తగువు దానంతటదే తీరుతుంది.

క్లబ్బులకు రాసే పని ఇలా చేయండి. ముందు మీ క్లబ్ ఆఫీసులో అఫిలియేషన్ జాబితా (ఒకరి మెంబర్లను ఒకరు ఆడనిచ్చే క్లబ్బులది) చూడండి, బెంగళూరు క్లబ్బేదైనా అందులో ఉంటే సగం పని అయినట్టే. లేకపోయినా సెక్రటరీ సంతకం, సీలుతో పరిచయ పత్రం తీసుకోండి. నలుగురి హ్యాండిక్యాప్ ప్రింటు జతచేసి మూడు వారాల ముందే ఈమెయిల్ పంపండి. జవాబులో పేర్లు, తేదీ, టీ టైం మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. 'రండి చూద్దాం' అన్న ఫోన్ మాట పట్టుకుని బయల్దేరొద్దు. ముందురోజు సాయంత్రం ఆఫీసుకు కాదు, నేరుగా స్టార్టర్‌కు ఫోన్ చేయండి. మర్నాడు ఎవరు ఎక్కడినుంచి మొదలుపెడతారో, ఒకటో హోల్ నుంచా పదో హోల్ నుంచా, తెలిసింది ఆయనకే.

శనివారానికి ఏదీ దొరక్కపోతే హోసూరు వైపు క్లోవర్ గ్రీన్స్ ఉంది, డెంకణికోట దారిలో. 18 హోల్స్, పార్ 72, బయటివాళ్లు డబ్బు కట్టి ఆడే పద్ధతి. ఇంకో సంగతి, ఆ చుట్టుపక్కల చాలా ఊళ్లు తరాల తరబడి తెలుగు మాట్లాడేవే. తెలుగు వచ్చిన కేడీ దొరికితే 'కుడికి వొంపు ఉంది, నెమ్మదిగా తోయండి సార్' అని మన భాషలో వింటూ పుట్ చేయొచ్చు (గ్రీన్ మీద బంతిని కప్పులోకి దొర్లించొచ్చు). పరాయి చోట గ్రీన్ చదవడానికి అది చిన్న సాయం కాదు.

అడయార్ నుంచి
చెన్నైలో అయితే ఈ ప్రశ్నే పుట్టదు. నందనంలో కాస్మోపాలిటన్ క్లబ్ కోర్సు, గిండీ రేస్‌కోర్సు లోపల జింఖానా కోర్సు, రెండూ ఊళ్లోనే, మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లు. అయితే 2024లో రేస్ క్లబ్ లీజును ప్రభుత్వం రద్దు చేసింది కాబట్టి గిండీ గురించి ముందే కనుక్కుని రావాలి.

విశాఖ వాళ్లకు చెప్పాల్సింది ఎత్తు సంగతి. బెంగళూరు సుమారు 900 మీటర్ల పైన ఉంది. గాలి పలచన, బంతి ఎక్కువ దూరం పోతుంది. వెయ్యి అడుగులకు ఒకటింబావు శాతం లోపు అన్నది వాడుకలో ఉన్న లెక్క, అంటే ఇక్కడ మూడున్నర శాతం. మీ 150 గజాల 7 ఐరన్ 155 అవుతుంది, 200 గజాల హైబ్రిడ్ 207 అవుతుంది. చిన్న గ్రీన్ల మీద ఆ అయిదు గజాలే గ్రీన్ మధ్యకూ వెనక బంకర్‌కూ తేడా. మొదటిరోజు ఆట ముందు రేంజ్‌లో 20 బంతులు కేవలం దూరం చూసుకోవడానికి కొట్టండి, స్వింగు సరిదిద్దుకోవడానికి కాదు. పొద్దున్నే చలికి ఆ లాభంలో కొంత హరించుకుపోతుంది, పదింటి తర్వాత పూర్తిగా తెలుస్తుంది.

పచ్చిక
దేవనహళ్లి గారి 36 హోల్స్ లెక్కలో ఒకటి జారిపోయింది: మంచు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో దేవనహళ్లి, నంది మైదానం మీద పొగమంచు దట్టంగా దిగుతుంది. ఆ పొగమంచుకే విమానాలు ఆలస్యమవుతాయి. 150 గజాల్లో జెండా కనపడకపోతే స్టార్టర్ ఎవరినీ వదలడు. 6:40 అనుకున్నది ఎనిమిదైతే రెండో రౌండు పూర్తవకముందే చీకటి పడుతుంది. ఆ నెలలో నంది కింద ఉదయం తొమ్మిదిన్నర ముందు టీ టైం తీసుకోకండి. ఊళ్లో ఆ బెడద తక్కువ.

మంచు లేని రోజైనా తడి ఉంటుంది. ఉదయం మొదటి నాలుగైదు గ్రీన్ల మీద బంతి వెళ్లిన చార కనపడుతుందంటే నీరు ఇంకా ఉన్నట్టే. అక్కడ పుట్‌ను కొంచెం గట్టిగా, తిన్నగా కొట్టాలి, వొంపు తక్కువ తీసుకుంటుంది. తొమ్మిది, తొమ్మిదిన్నరకు అదే గ్రీన్ ఆరి వేగం పెరుగుతుంది. మధ్యాహ్నం ఆడేవాళ్లు ఉదయం ఆడినవాళ్ల మాట పట్టుకుని కొడితే బంతి కప్పు దాటి ఆరడుగులు పోయేది అందుకే.

అసలు పని గడ్డి మొగ్గు చదవడం. మన వైపు కోర్సుల్లో ఎక్కువ భాగం బెర్ముడా జాతి గడ్డి, అది నిలువుగా కాక ఒక పక్కకు వాలి పెరుగుతుంది. బంతి వెనక నిలబడి చూసినప్పుడు గ్రీన్ మెరుస్తూ లేతగా కనిపిస్తే గడ్డి మీ నుంచి అవతలికి వాలినట్టు, పుట్ వేగంగా పోతుంది. ముదురుగా, మెరుపు లేకుండా ఉంటే మీ వైపు వాలినట్టు, ఆగిపోతుంది. మబ్బు వేస్తే ఈ రంగు తేడా దొరకదు. అప్పుడు కప్పు దగ్గరికి వెళ్లి వంగి అంచు చూడండి. ఒక పక్క అంచు కత్తిరించినట్టు శుభ్రంగా ఉంటుంది, ఎదుటి పక్క చిరిగినట్టు, గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. గడ్డి వాలేది ఆ చిరిగిన పక్కకే. కప్పు తవ్వినప్పుడు ఆ పక్క ఆకుల వేళ్లు తెగిపోయి ఉంటాయి, అందుకే అవి ఎండుతాయి. ఉదయం కొత్తగా తవ్విన కప్పు మీద ఇది తెలియదు, మధ్యాహ్నానికి స్పష్టంగా కనపడుతుంది. గడ్డికి ఎదురుగా 20 అడుగుల పుట్ ఉంటే కప్పుకు రెండు మూడడుగుల అవతల ఇంకో కప్పు ఉందనుకుని కొట్టండి.

గ్రీన్ అంచున చిప్ (బంతిని కొద్దిగా లేపే చిన్న షాట్) చేసేటప్పుడూ ఇదే. గడ్డి మీకు ఎదురుగా వాలి ఉన్నచోట శాండ్ వెడ్జ్ తీస్తే దాని ముందు అంచు గడ్డిలో దిగబడి బంతి రెండడుగులు పోయి ఆగుతుంది. 8 ఐరన్‌తో పుట్ లాగా తోసి దొర్లించడం మేలు.

బుక్ చేసేముందు గ్రీన్ల మీద గుల్ల తీసే పని ఎప్పుడు చేశారో అడగండి. ట్యూబుల్లాంటి పళ్లతో మట్టి తీసి ఇసుక నింపుతారు, మళ్లీ నున్నబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. గడ్డి జోరుగా పెరిగే నెలల్లో చేసే పని కాబట్టి డిసెంబరులో అరుదు, అయినా అడగడానికి ఒక్క నిమిషం.

దేవనహళ్లి దారి
పచ్చిక గారూ, మంచు మాట నిజం, 36 హోల్స్ లెక్క వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకే కోర్సు రెండుసార్లు అన్న మాట అలాగే ఉంది, ఒకేరోజు కానక్కర్లేదు. విమానాశ్రయం నుంచి నంది కింది కోర్సు దగ్గర, ఊరు దూరం. దిగిన రోజూ వెళ్లే రోజూ ఊళ్లోకి పోయి రావడానికే ఖర్చయిపోతాయి. ఆ రెండు రోజులకూ నంది పెట్టుకోండి. దిగగానే పదకొండున్నరకు ఒకటి, వెళ్లేరోజు పదింటికి ఒకటి, అక్కడే స్నానం చేసి అటు నుంచి అటే విమానం. మధ్య రోజులు మీ ఇష్టం.

మల్లేశ్వరం 18
ఇది బాగుంది. మధ్య రోజుల్లో ఊళ్లో ఆడమనే నా మాట కూడా నిలబడింది. మైసూరు కూడా చేర్చుకుంటారేమో అని ముందే చెబుతున్నా, వద్దు. అక్కడి జయచామరాజ వడియార్ క్లబ్ కోర్సు రేస్‌కోర్సు లోపల, చాముండి కొండ కింద, చూడదగ్గదే. ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక దారి కూడా బాగుపడింది. కానీ ఊరి తూర్పు పక్క నుంచి బయల్దేరితే మైసూరు రోడ్డు ఎక్కేలోపే గంట దాటుతుంది. అది రెండు రోజుల ప్రయాణం, దీనికి అతికించకండి.

స్కోర్‌కార్డు
కోర్సు ఎంచుకున్నాక టీ ఎంచుకోవడంలోనే చాలా జట్లు బోల్తా పడతాయి. ముగ్గురు వెనక టీలకు (గ్రీన్‌కు ఎక్కువ దూరంలో ఉండేవి) వెళ్తే నాలుగోవాడు మొహమాటానికి వెళ్తాడు, రౌండు అయిదున్నర గంటలవుతుంది.

సులువైన లెక్క ఒకటుంది. మీ 5 ఐరన్ సాధారణంగా ఎంత దూరం పోతుందో దాన్ని 36తో గుణించండి. 150 అయితే 5,400 గజాలు, 165 అయితే 5,940. ఆ పొడవుకు దగ్గరగా ఉన్న టీ మీది. నలుగురూ ఒకే టీ ఆడాలన్న నియమం లేదు.

వేర్వేరు టీలు ఆడితే పందెం ఎలా అంటారు, దానికి లెక్క ఉంది. ఇండెక్సును ఆ టీ స్లోప్‌తో (మామూలు ఆటగాడికి ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి 113తో భాగించండి, దానికి కోర్సు రేటింగులోంచి (సున్నా హ్యాండిక్యాప్ ఆటగాడికి కట్టిన స్కోరు) పార్ తీసేసిన తేడా కలపండి. ఉదాహరణకు అంకెలు అనుకుందాం, ఇవి ఏ కోర్సువీ కావు. 18 ఇండెక్సు, స్లోప్ 130, రేటింగు 72.6, పార్ 72 అయితే 20.7కు 0.6 కలిపి 21. అదే మనిషి స్లోప్ 118, రేటింగు 68.4, పార్ 70 ఉన్నచోట 18.8లోంచి 1.6 పోయి 17. ఒకే మనిషికి రెండు కోర్సుల్లో నాలుగు స్ట్రోకుల తేడా. మూడు కోర్సులు ఆడుతూ మూడుచోట్లా ఇంటి దగ్గరి హ్యాండిక్యాపే వాడితే పందెం ఎవరికో ఒకరికి అన్యాయమే. రేటింగూ స్లోపూ కార్డు మీదే ఉంటాయి, మొదటి టీ ఎక్కేముందు నలుగురివీ రాసేసుకోండి. ఆడే పద్ధతి స్టేబుల్‌ఫోర్డ్ (ప్రతి హోల్‌కూ పాయింట్లు వేసేది) పెట్టుకోండి. 25 ఇండెక్సు ఆయన ఒక హోల్‌లో చిక్కుకుంటే బంతి ఎత్తేయొచ్చు, వెనక జట్టు ఆగదు.

మల్లేశ్వరం 18
36 లెక్క బెంగళూరు గోల్ఫ్ క్లబ్‌లో గుడ్డిగా వాడొద్దు. అసలే పొట్టి కోర్సు, ముందు టీకి జరిగితే 11 ఇండెక్సు ఆయన డ్రైవర్ ఫెయిర్‌వే మలుపు దాటి నేరుగా చెట్లలోకి పోతుంది. అలాంటి చోట టీ కాదు మార్చాల్సింది, క్లబ్బు. వెనక టీ, చేతిలో హైబ్రిడ్.

స్కోర్‌కార్డు
ఆ ఒక్క ఆటగాడి వరకు ఒప్పుకుంటా. 25 ఆయనకు ముందు టీయే.

వాల్తేరు వాసి
అందరికీ కృతజ్ఞతలు. నలుగురం మాట్లాడుకుని ఒకరోజు ముందుకు జరిగాం. గురువారం ఉదయం దిగి పదకొండున్నరకు గోల్ఫ్‌షైర్, ఆదివారం పదింటికి మళ్లీ అక్కడే, రాత్రి విమానం. ఇక శుక్రవారం, శనివారం. మాకు ఇక్కడ మెంబర్లెవరూ తెలియదు కాబట్టి శనివారం హోసూరు. శుక్రవారం ఒక్కటే ఊళ్లో. బెంగళూరు గోల్ఫ్ క్లబ్బా, కేజీఏనా?

మల్లేశ్వరం 18
మొదటిది. కారణం చెబుతాను. గోల్ఫ్‌షైర్ ఆడుతున్నారు, క్లోవర్ గ్రీన్స్ ఆడుతున్నారు, రెండూ పార్ 72, రెండూ ఊరిబయట విశాలంగా వేసిన కొత్త కోర్సులు. కేజీఏ కలిపితే మూడూ పొడవు కోర్సులే అవుతాయి. 1876 నుంచి ఆడుతున్న నేల మీద, చెట్ల మధ్య, సగం షాట్లతో ఆడే రోజు ఒకటి ఉండాలి. పైగా పొట్టి కోర్సు కాబట్టి త్వరగా పూర్తయి మధ్యాహ్నం మిగులుతుంది.

హోసూరు రోడ్డు
నా ఓటు కేజీఏకు, కారణం దారి. శుక్రవారం కేజీఏ ఆడి దోమ్లూరు, కోరమంగల వైపు పడుకుంటే శనివారం తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి సిల్క్ బోర్డు కూడలి ఖాళీగా దాటి ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కేస్తారు. సాంకీ రోడ్డు దగ్గర పడుకుంటే ఊరంతా దాటాలి. కోర్సులు జతగా చూడాలి: కేజీఏకు హోసూరు జత, బెంగళూరు గోల్ఫ్ క్లబ్‌కు నంది జత.

దేవనహళ్లి దారి
శుక్రవారం రెండిట్లో ఏదైనా కంపెనీ టోర్నమెంటు ఉంటే ఈ వాదన అక్కడితో సరి. రెండు క్లబ్బులకూ ఒకేరోజు రాయండి. ముందు లిఖితంగా ఒప్పుకున్నది ఆడండి, రెండోవాళ్లకు వెంటనే వద్దని చెప్పండి. ఇద్దరి దగ్గరా టీ టైం పట్టుకుని కూర్చుంటే మీ క్లబ్ పేరు చెడుతుంది, తర్వాత మీ ఊరినుంచి వచ్చేవాళ్లకు ఇబ్బంది.

హోసూరు మాత్రం వద్దంటాను. నాలుగు రోజుల్లో నాలుగు రౌండ్లు నడిస్తే ఆదివారం కాళ్లు లేవవు, రెండోసారి ఆడటంలో ఉన్న లాభం అక్కడే పోతుంది. శనివారం రేంజ్‌లో గంట, పుటింగ్ గ్రీన్ మీద గంట చాలు.

హోసూరు రోడ్డు
అలసట భయమైతే శనివారం బగ్గీ (కోర్సు మీద తిరిగే చిన్న బండి) తీసుకోండి, రోజు వదులుకోవడం ఎందుకు? ముందురోజు వాన పడిందా అని మాత్రం అడగండి. తడి నేల మీద బగ్గీని ఫెయిర్‌వేలోకి రానివ్వరు. దారి మీదే ఆపి, 60 గజాలు నడిచి వెళ్లి, తప్పు క్లబ్బు తెచ్చానని మళ్లీ వెనక్కి నడవడంతో నడిచి ఆడినదానికన్నా ఎక్కువ సమయం పోతుంది. అలాంటి రోజు బగ్గీ దగ్గర్నుంచి కదిలేటప్పుడే మూడు క్లబ్బులు, పుట్టర్ చేతిలో పట్టుకుని వెళ్లాలి.

వాల్తేరు వాసి
తేల్చుకున్నాం. బెంగళూరు గోల్ఫ్ క్లబ్‌కూ కేజీఏకూ ఈరోజే రాస్తున్నాం, ముందు ఒప్పుకున్నది శుక్రవారం. హోసూరు ఉంచుతున్నాం, బగ్గీలతో. నాలుగు బ్యాగులు, నలుగురు మనుషులు. ఒక కారు సరిపోతుందా?

హోసూరు రోడ్డు
మామూలు సెడాన్ ట్యాక్సీలో రెండు బ్యాగులే కష్టం. ఇక్కడ చాలా ట్యాక్సీలకు సీఎన్‌జీ, డిక్కీలో సిలిండరే సగం చోటు తినేస్తుంది, యాప్‌లో బుక్ చేసినప్పుడు అది కనపడదు. ఇన్నోవా చెప్పి, వెనక వరుస సీట్లు మడిచి పెట్టమని ముందే అడగండి. నాలుగు స్టాండ్ బ్యాగులు అడ్డంగా పడతాయి, గట్టి ట్రావెల్ కవర్లలో ఉంటే పట్టవు. కవర్లు హోటల్లో వదిలేయండి. డ్రైవర్ క్లబ్బుల తలలు విప్పి విడిగా చుట్టి పెట్టుకోవడం విమానానికీ మంచిదే, కారుకూ మంచిదే. రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) బ్యాటరీతో సహా చేతిసంచిలో ఉండాలి. శనివారం తమిళనాడులోకి దాటుతారు కాబట్టి పర్మిట్ పన్ను ఎవరు కడతారో బండి మాట్లాడేటప్పుడే తేల్చుకోండి, సరిహద్దులో అత్తిబెలె దగ్గర తెల్లవారుజామున తగువు వద్దు.

దేవనహళ్లి దారి
గురువారం రౌండులో కార్డు అంచున రాసుకోమన్న మూడు మాటలు మరవకండి. పూర్తయ్యాక స్టార్టర్ దగ్గరికి వెళ్లి, అదే నలుగురు కేడీలను ఆదివారానికి కూడా పేర్లతో రాయించుకుని మరీ రండి. మీ స్వింగు ఒకసారి చూసిన కేడీ రెండోసారి 150 గజాల దగ్గర మీరడక్కుండానే సరైన క్లబ్బు అందిస్తాడు.